అరేబియా సముద్రపు లాంతరు చేప: పగలు లోతుకు, రాత్రి పైకి

వల పైకి వచ్చేసరికి లాంతరు చేప ఒంటిమీద పొలుసులు సగం కూడా మిగలవు. అంత పలచగా అతుక్కుని ఉంటాయి, వల దారానికి రాసుకుంటే చాలు రాలిపోతాయి. అరచేతిలో వేసుకుని చూస్తే నాలుగైదు సెంటీమీటర్లు, మన నెత్తళ్ళకన్నా పొట్టి. మొద్దు ముఖం, ఆ ముఖానికి మించిన కళ్ళు, నల్లటి వీపు, వెండి పక్కలు. పొట్ట కింద మాత్రం గసగసాల గింజల్లా గుండ్రటి చుక్కలు వరస కట్టి ఉంటాయి. రొమ్ము మీద ఐదు, ఆ వెనక పొట్ట మీద నాలుగు, తోక దాకా మరికొన్ని. చేప బతికున్నప్పుడు ఆ చుక్కల్లోంచి నీలం వెలుగు వస్తుంది. లాంతరు చేప అన్న పేరు అందుకే.

ప్రపంచ సముద్రాల్లో లాంతరు చేపల జాతులు సుమారు 250 ఉన్నాయి. మిక్టోఫిడే అన్నది వాటి కుటుంబం పేరు. ఈ వ్యాసం అందులో ఒక్కదాని గురించే: బెంథోసీమా టెరోటమ్. దీనికి తెలుగులో పేరు లేదు. ఏ సంతకూ రాని చేపకు, ఏ పులుసులోనూ పడని చేపకు పేరు పెట్టే అవసరం ఎవరికీ కలగలేదు. కానీ శాస్త్రానికి ఇది తొలిసారి పరిచయమైంది బంగాళాఖాతం నుంచే. బ్రిటిష్ ఇండియా సముద్ర సర్వే ఓడ ‘ఇన్వెస్టిగేటర్’లో వైద్యుడిగా, ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన ఆల్ఫ్రెడ్ ఆల్కాక్ 1890లో దీన్ని వర్ణించాడు. గ్రీకులో టెరోటోస్ అంటే రెక్కలున్నది అని అర్థం. పక్క రెక్కలు ఒంటి కొలతకు పొడుగ్గా ఉంటాయి కాబట్టి ఆ మాట సరిగ్గానే అతికింది.

హిందూ మహాసముద్రంలో ఇది చాలా చోట్ల ఉంటుంది. అయితే ఎక్కడా లేనంత దట్టంగా కనిపించేది అరేబియా సముద్రపు ఉత్తర భాగంలో, ముఖ్యంగా ఇరాన్, ఒమన్ దేశాల మధ్య ఉన్న ఒమన్ గల్ఫ్‌లో. నడి సముద్రం దీనికి పెద్దగా పట్టదు. తీరపు అరుగు ముగిసి నేల ఒక్కసారిగా లోతుకు వాలే చోటు ఉంటుందే, ఆ వాలు వెంబడే దీని కాపురం. పగలు సుమారు 130 నుంచి 300 మీటర్ల లోతులో ఉంటుంది. పొద్దు వాలగానే పైకి బయల్దేరుతుంది. రాత్రంతా పై నీళ్ళలో తిని, తెల్లవారకముందే తిరిగి దిగిపోతుంది. ప్రతిరోజూ ఇదే.

ఈ రాకపోకలు అర్థమైతే ఆ చేప ఒంట్లో ఉన్న ప్రతి భాగమూ అర్థమవుతుంది. తిండి పైన ఉంది. సూర్యుడి వెలుగుతో పెరిగే సూక్ష్మ నాచు, దాన్ని మేసే కోపిపాడ్లు, క్రిల్ లాంటి చిన్న జీవులు పై నీళ్ళలోనే దట్టంగా ఉంటాయి. ప్రాణభయమూ పైనే ఉంది. వెలుతురులో కంటితో వేటాడే పెద్ద చేపలకు, పక్షులకు నాలుగు సెంటీమీటర్ల వెండి చేప ఇట్టే దొరుకుతుంది. అందుకే చీకటి పడ్డాక వచ్చి తినడం, వెలుగు రాకముందే చీకటి ఉన్న చోటికి పోవడం. దీనికి అయ్యే ఖర్చు ఎంతో చూడాలంటే మన కొలతలోకి మార్చుకోవాలి. నాలుగు సెంటీమీటర్ల చేపకు 250 మీటర్ల లోతంటే తన ఒంటి పొడవుకు 6,250 రెట్లు. అయిదున్నర అడుగుల మనిషికి అది పది కిలోమీటర్ల దూరం. సాయంత్రం పది కిలోమీటర్లు ఎక్కి, తెల్లారుజామున పది కిలోమీటర్లు దిగడం. పున్నమి రోజుల్లో పై నీళ్ళలో వెన్నెల ఎక్కువైతే లాంతరు చేపలు పూర్తిగా పైకి రాకుండా కాస్త లోతులోనే ఆగిపోవడం చాలా సముద్రాల్లో గమనించారు. అంటే పైకి వచ్చే ముందు అవి వెలుగును కొలుచుకుంటున్నాయి.

ఇక దీపాల సంగతి. లోతులో దీపం ఉందనగానే దారి చూసుకోవడానికేమో అనిపిస్తుంది. ఈ కుటుంబంలోనే డయాఫస్ జాతులు కొన్నింటికి ముక్కు దగ్గర పెద్ద దీపాలుంటాయి, వాటికి ఆ మాట నప్పుతుందేమో. పొట్ట కింది దీపాల పని పూర్తిగా వేరు. 200 మీటర్ల లోతులో ఎండ దాదాపు నూరో వంతుకు పడిపోతుంది. మిగిలేది పైనుంచి దిగే మసక నీలం వెలుగు ఒక్కటే. ఆ లోతులో ఆకలిగా ఉన్న పెద్ద చేప కిందనుంచి పైకి చూస్తే, తనకూ ఆకాశానికీ మధ్య అడ్డొచ్చిన ప్రతి ప్రాణీ నల్లటి మచ్చగా కనిపిస్తుంది. ఆ మచ్చను చెరిపేయడమే పొట్ట కింది దీపాల పని. పైనుంచి ఎంత వెలుగు దిగుతోందో, సరిగ్గా అంతే వెలుగు, అదే నీలం రంగులో చేప తన పొట్ట కిందనుంచి వదులుతుంది. దాంతో నీడ కరిగిపోతుంది, కిందున్న కంటికి అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. వెలిగించుకుని దాక్కోవడం భూమ్మీద మనకు అనుభవంలో లేని విద్య. అందుకే ఇది మొదట నమ్మబుద్ధి కాదు. కానీ 1977లో ప్రచురించిన ఒక ప్రయోగంలో బతికున్న లాంతరు చేపలమీద పైనుంచి వెలుగు వేసి, దాన్ని పెంచుతూ తగ్గిస్తూ చూశారు. చేపలు తమ దీపాలను దానికి తగ్గట్టే పెంచుతూ తగ్గిస్తూ పోయాయి.

ఆ దీపం నిర్మాణం దగ్గరగా చూడదగ్గది. అడుగున గిన్నె ఆకారంలో అద్దంలాంటి పొర ఉంటుంది. దాని ముందు వెలుగు పుట్టించే కణాలుంటాయి. అన్నిటికీ పైన ఒక పొలుసు, మధ్యలో ఉబ్బి కుంభాకార కటకంలా మారి ఉంటుంది. గిన్నె వెలుగును ఒక దిక్కుకు తిప్పుతుంది, కటకం దాన్ని సర్దుతుంది. మన టార్చిలైటులోనూ ఉన్నవి ఇవే భాగాలు. వెలుగుకు కావలసిన పదార్థం కోలెంటెరజీన్. సముద్రంలో జెల్లీ చేపలతో సహా ఎన్నో జీవులు వాడేది అదే. కొన్ని లోతు చేపలు వెలుగునిచ్చే బాక్టీరియాను ఒంట్లో పెంచుకుంటాయి. లాంతరు చేపకు ఆ అవసరం లేదు, దీని వెలుగు సొంతది. నాడులు ఆ దీపాల దాకా వెళ్తాయి కాబట్టి ఎప్పుడు వెలిగించాలో, ఎంత వెలిగించాలో దాని చేతిలోనే ఉంటుంది.

దీపాల అమరిక జాతికొక రకంగా ఉంటుంది. పొలుసులన్నీ రాలిపోయిన చేపను కూడా శాస్త్రవేత్తలు గుర్తుపట్టేది ఆ చుక్కల వరసను లెక్కపెట్టే. తోక మొదట్లో ఉండే వెలుగు గ్రంథులు ఈ జాతిలో మగవాటికి పైవైపు, ఆడవాటికి కిందివైపు ఉంటాయి. మగ ఆడ తేడాను చీకట్లో చెప్పే ఏర్పాటు అది. చుక్కల వరసను తోటి చేపలు కూడా చదువుతాయా అన్న ప్రశ్న మీద పరిశోధకులు చాలాకాలంగా వాదించుకుంటున్నారు. తోక దీపాల విషయంలో మాత్రం ఆడామగా మధ్య కబురు అనే మాటకే బలం ఎక్కువ.

కళ్ళు కూడా ఈ ఏర్పాటులో భాగమే. పెద్ద కంటిపాప, రెటీనాలో రాడ్ కణాలు తప్ప రంగులు పోల్చే కోన్ కణాలు లేవు. లోతులోకి దిగేది నీలం ఒక్కటే అయినప్పుడు రంగులు పోల్చే కన్ను వృథా. మసక వెలుగులో ఒక్క మెరుపును కూడా వదలని కన్ను కావాలి, ఉన్నది అదే.

ఇంతవరకు చెప్పింది కొద్ది తేడాలతో లాంతరు చేపలన్నిటికీ వర్తిస్తుంది. అరేబియా సముద్రపు చేపను ప్రత్యేకంగా చూడవలసింది మరో విషయంలో: అది పగలు ఉండే నీళ్ళలో ఊపిరికి గాలి లేదు.

అరేబియా సముద్రంలో సుమారు 150 మీటర్ల దగ్గర మొదలై వెయ్యి మీటర్ల దాకా ఒక మందపాటి పొర ఉంది. అందులో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 0.1 మిల్లీలీటరు కన్నా తక్కువ. కొన్ని చోట్ల దాదాపు సున్నా. కారణాలు రెండు కలిశాయి. నైరుతి రుతుపవనాల గాలులు అడుగునున్న పోషకాల నీళ్ళను పైకి లాగుతాయి. పైన సూక్ష్మ నాచు విపరీతంగా పెరుగుతుంది. అది చచ్చి కిందికి దిగుతుంటే బాక్టీరియా దాన్ని కుళ్ళబెడుతూ దారిలో ఉన్న ఆక్సిజన్ అంతా వాడేస్తుంది. ఇక రెండో కారణం, ఈ సముద్రానికి ఉత్తరాన నేల అడ్డం ఉంది. చల్లటి ధ్రువపు నీళ్ళు ఆ వైపునుంచి వచ్చి లోతును తాజా చేసే దారి లేదు. బంగాళాఖాతంలోనూ ఇలాంటి పొరే ఉంది, కాకపోతే అరేబియా సముద్రపు పొరది మరీ తీవ్రమైన స్థితి.

మామూలు చేపను అక్కడ వదిలితే చచ్చిపోతుంది. లాంతరు చేప రోజుకు పది పన్నెండు గంటలు అక్కడే గడుపుతుంది. అరేబియా సముద్రంలో వలలు వేసి చూసిన జర్మన్ పరిశోధకులకు ఇది స్పష్టంగానే కనిపించింది. ఎలా బతుకుతోందన్నది మాత్రం తరవాత తేలింది. 2012లో వెలువడిన ఒక అధ్యయనం అరేబియా సముద్రం, కాలిఫోర్నియా తీరం, మెక్సికో గల్ఫ్, దక్షిణ మహాసముద్రం నుంచి పట్టిన చేపల కండరాల్లో ఎంజైములను పోల్చింది. అరేబియా సముద్రపు లాంతరు చేపల్లో ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము చురుకుదనం గోల్డ్‌ఫిష్‌తో సమానంగా ఉంది. ఆక్సిజన్ మెరుగ్గా ఉన్న మెక్సికో గల్ఫ్‌లోని దాయాదుల్లో అది చాలా తక్కువ.

ఈ పోలికలో ఉన్న విశేషం చెప్పుకోవాలి. ఆక్సిజన్ అందనప్పుడు మన కండరాలు గ్లూకోజును సగంలో విరిచి లాక్టిక్ ఆమ్లం చేస్తాయి. పరుగు తీశాక కాళ్ళు బరువెక్కేలోపే అది ఒంట్లో పేరుకుపోతుంది. గంటలకొద్దీ అలా నడిస్తే ఆ ఆమ్లమే ప్రాణం తీస్తుంది. శీతల దేశాల్లో చలికాలం మంచు కప్పేసిన చెరువుల్లో వారాల తరబడి గాలి లేకుండా బతికే గోల్డ్‌ఫిష్, దాని బంధువులు వేరే దారి పట్టాయి. లాక్టిక్ ఆమ్లానికి బదులు ఇథనాల్ చేస్తాయి. మద్యంలో ఉండేది అదే. ఇథనాల్ మొప్పల్లోంచి నీళ్ళలోకి సులువుగా జారిపోతుంది, ఒంట్లో ఏమీ పేరుకోదు. వెన్నెముక ఉన్న జీవుల్లో ఈ దారి చాలా అరుదు. చెరువు చేపల్లోనే ఉందనుకున్న దాని ఆనవాళ్ళు అరేబియా సముద్రపు లోతులో, ఏ సంబంధమూ లేని కుటుంబంలో బయటపడ్డాయి.

ఈ దారిలో నష్టం పెద్దదే. ఆక్సిజన్ ఉంటే ఒక్క గ్లూకోజు అణువు నుంచి కణానికి 30 దాకా ఏటీపీలు, అంటే శక్తిని మోసే అణువులు, దక్కుతాయి. ఇలా సగంలో వదిలేస్తే దక్కేది రెండే. మిగిలిన శక్తి ఇథనాల్ రూపంలో సముద్రం పాలు. మరి చేప ఇంత దుబారాను ఎలా తట్టుకుంటుంది? పగలంతా కదలకుండా ఉండి. 1960లలో కాలిఫోర్నియా తీరంలో లోతుకు దిగిన జలాంతర నౌకల కిటికీల్లోంచి చూసినవాళ్ళకు లాంతరు చేపలు తల పైకో కిందికో పెట్టి, నిలువుగా, చలనం లేకుండా వేలాడుతూ కనిపించాయి. వేగంగా ఈదే చేపలుగా వాటిని ఊహించుకున్న శాస్త్రవేత్తలకు అది కొత్త దృశ్యం. రాత్రి పైన ఒక పూట కడుపునిండా తిన్నదాంతో పగలంతా పొదుపుగా నెట్టుకొస్తుంది. ఆ పొదుపుకు ప్రతిఫలం భద్రత. ట్యూనా లాంటి వేగమైన వేటగాళ్ళకు ఊపిరి బాగా కావాలి, గాలి లేని పొరలోకి అవి దిగి ఎక్కువసేపు ఉండలేవు. పై పొరలో రాత్రిపూట మాత్రం రక్షణ ఉండదు. అరేబియా సముద్రంలో పెద్ద సంఖ్యలో తిరిగే స్క్విడ్లు, డాల్ఫిన్లు ఆ వేళకే వచ్చి కాచుకుంటాయి.

గాలితిత్తి గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ చేప సంఖ్య గురించి మనిషికి తెలిసిందాంట్లో చాలామటుకు దాని వల్లే. నీళ్ళలో తేలడానికి చేప ఒంట్లో ఉండే గాలి సంచి అది. 250 మీటర్ల లోతులో పీడనం ఉపరితలం మీద ఉన్నదానికి 26 రెట్లు. పైకి వస్తుంటే సంచిలోని గాలి ఉబ్బుతుంది, కిందికి దిగుతుంటే నలిగిపోతుంది. రోజుకు రెండుసార్లు ఈ మార్పును తట్టుకోవడం చిన్న పని కాదు. ఈ బెడద వదిలించుకోవడానికి లాంతరు చేపల్లో కొన్ని జాతులు పెద్దయ్యాక సంచిని కొవ్వుతో నింపుకుంటాయి. గాలి ఉంచుకున్నవి మాత్రం శబ్దానికి దొరికిపోతాయి. నీళ్ళలో పంపిన ధ్వని గాలి బుడగకు తగిలితే గట్టిగా ప్రతిధ్వనిస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇదే జరిగింది. 1942లో శాన్ డియాగో తీరాన అమెరికా నౌకాదళం కోసం జలాంతర్గాములను ధ్వనితో కనిపెట్టే పనిలో ఉన్న శాస్త్రవేత్తలకు నడిలోతులో ఒక గట్టి పొర తగిలింది. సముద్రపు నేల కన్నా ఎంతో పైన, నేలలాగే ప్రతిధ్వనిస్తూ. నావికులు దాన్ని దొంగ నేల అన్నారు. 1945లో స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన మార్టిన్ జాన్సన్ ఆ పొర సాయంత్రం పైకి లేస్తూ తెల్లవారుజామున దిగుతోందని గమనించి, అది ప్రాణులదేనని తేల్చాడు. నేల రోజూ లేచి కూర్చోదు కదా. ఆ పొరలో పెద్ద వాటా లాంతరు చేపలది.

ఒమన్ గల్ఫ్‌లో ఈ లెక్క మొదలైంది 1975-76లో. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తరఫున నార్వే పరిశోధక నౌక ‘డాక్టర్ ఫ్రిత్యోఫ్ నాన్సెన్’ అరేబియా సముద్రంలో ధ్వని సర్వేలు చేసింది, 1980ల మొదట్లోనూ కొనసాగించింది. ఆ లెక్కల ప్రకారం అరేబియా సముద్రపు ఉత్తర, పశ్చిమ భాగాల్లో ఉన్న లాంతరు చేపలు దాదాపు 10 కోట్ల టన్నులు, వాటిలో ప్రధానమైనది బెంథోసీమా టెరోటమ్. ప్రపంచ దేశాలన్నీ కలిసి అప్పట్లో ఏడాదికి సముద్రంలోంచి పట్టే చేపకన్నా ఎక్కువ. ఆ అంకె చూశాక ఆశ పుట్టకుండా ఎలా ఉంటుంది?

అయితే ఆ అంకెను ఎంతవరకు నమ్మాలి? 1980లో ఆహార వ్యవసాయ సంస్థ కోసం చేసిన అంచనాలో ప్రపంచం మొత్తం మీద నడిలోతు చేపలు సుమారు 100 కోట్ల టన్నులు. 2014లో, స్పెయిన్ నిర్వహించిన మలాస్పినా యాత్ర ధ్వని లెక్కలతో, అది 1,000 కోట్ల టన్నులకు చేరింది. ముప్పై నాలుగేళ్ళలో చేపలు పదింతలు కాలేదు, కొలిచే పద్ధతి మారింది. పాత అంచనాకు ఆధారం ఎక్కువగా వలలు. నార్వే ఫియార్డుల్లో, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన ఇరుకు సముద్రపు పాయల్లో, ఈ చేపకే దగ్గరి బంధువైన బెంథోసీమా గ్లేసియాలె మీద చేసిన పరిశీలనలో, వల వస్తుంటే అది ముందే పసిగట్టి తప్పుకుంటోందని తేలింది. కాబట్టి వల లెక్క తక్కువ చూపిస్తుంది. ధ్వని లెక్క పొరపాటు రెండో వైపు ఉంటుంది. సైఫనోఫోర్లు అని జెల్లీ చేపల జాతి జీవులున్నాయి. వాటిలో కొన్నింటికి చిన్న గాలి బుడగలుంటాయి. కొద్దిపాటి సైఫనోఫోర్లే చేపల గుంపంత ప్రతిధ్వని ఇవ్వగలవు. ఒకటి తక్కువ చూపి, మరొకటి ఎక్కువ చూపే రెండు కొలతల మధ్య పదింతల తేడా ఉన్నప్పుడు, ఏ అంకె మీదైనా వేట పరిమితి నిర్ణయించడం దుస్సాహసం. ఈ మాట మెత్తగా చెప్పి వదిలేయకూడదు. సముద్రపు వేటలో ముందు పట్టి తరవాత లెక్కపెట్టిన ప్రతిసారీ జరిగింది నష్టమే.

దీనికి ఎదురుగా ఒక వాదన ఉంది. తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. ఈ చేప ఏడాది కూడా బతకదు. మూడు సెంటీమీటర్ల దాకా పెరిగేసరికి గుడ్లు పెట్టే ఈడుకు వస్తుంది. ఒక ఆడ చేప కొన్ని వందల నుంచి మూడువేల దాకా గుడ్లు పెట్టగలదు, ఏడాదిలో ఒకటికి మించి తరాలు తిరుగుతాయి. తొందరగా చచ్చేవాటిని ముందే పట్టుకుంటే పోయేదేముంది, మళ్ళీ పుడతాయి కదా అన్నది ఆ వాదన. ఇరవై ముప్పై ఏళ్ళకుగాని గుడ్లు పెట్టని లోతు చేపలతో పోలిస్తే ఇది నిజమే. కానీ తక్కువ ఆయుష్షుకు మరో ముఖం ఉంది. పదేళ్ళు బతికే చేపల్లో ఒక ఏడాది పిల్లలు దక్కకపోయినా, పాతవి మిగిలి మరుసటేడు గుడ్లు పెడతాయి. లాంతరు చేపకు పాతవంటూ లేవు. ఈ ఏటివి లేకపోతే వచ్చే ఏటివి లేవు. విత్తనం గాదెలో నిలవ చేసుకోకుండా ప్రతి పంటా కిందటి పంట మీదే ఆధారపడే రైతు పరిస్థితి ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఒక చెడ్డ రుతుపవనం, దానికి తోడు పెద్ద వేట పడితే కోలుకునే వెసులుబాటు ఎంతో ముందుగా చెప్పడం కష్టం.

ఇప్పటిదాకా ఈ చేపలను కాపాడింది నియమాలకన్నా గిట్టుబాటు లేకపోవడమే. దక్షిణాఫ్రికా వాళ్ళు 1973లో లాంపనిక్టోడెస్ హెక్టోరిస్ అనే లాంతరు చేపను దాదాపు 42 వేల టన్నులు పట్టారు. ఒంట్లో నూనె మరీ ఎక్కువై యంత్రాలు మొరాయించడంతో 1980ల నడుమ ఆ వేట ఆగిపోయింది. దక్షిణ మహాసముద్రంలో సోవియట్ నౌకలు మరో జాతిని పట్టేవి, ఆ దేశంతోపాటే అదీ ముగిసింది. ఒమన్ గల్ఫ్‌లో ఇరాన్ బెంథోసీమా టెరోటమ్‌నే చేపపొడి కోసం పడుతూ వస్తోంది. మన దేశంలో కేరళ కొల్లం తీరంలో లోతు రొయ్యల కోసం వేసే వలల్లో డయాఫస్ జాతి లాంతరు చేపలు చేరి వస్తాయి. ఎక్కువభాగం తిరిగి సముద్రంలోకే పారబోస్తారు, కొంత చేపపొడికి పోతుంది. కొచ్చిలోని కేంద్ర ప్రభుత్వ సముద్ర జీవ వనరుల సంస్థ ‘సాగర్ సంపద’ నౌకతో అరేబియా సముద్రంలో ఈ చేపల మీద సర్వేలు చేసింది.

చేపపొడి అన్న మాట దగ్గర ఈ సంగతి తెలుగు నేలకు కూడా తగులుతుంది. దేశంలో చెరువు రొయ్యల సాగుకు ఆంధ్రప్రదేశే కేంద్రం. భీమవరం, నెల్లూరు చుట్టుపక్కల చెరువుల్లో పడే మేతలో చేపపొడి ఒక ముఖ్యమైన సరుకు. కవళ్ళు, నెత్తళ్ళ వంటి చిన్న చేపల రాబడి తగ్గి పొడి ధర పెరిగిన ప్రతిసారీ మేత వ్యాపారం కొత్త చేప కోసం వెతుకుతుంది. అలా వెతికే కళ్ళకు 10 కోట్ల టన్నుల అంకె తప్పక ఆనుతుంది. అమెరికా 2016లో తన పశ్చిమ తీరపు జలాల్లో లాంతరు చేపలతో సహా, పెద్ద చేపలకు తిండి అయ్యే కొన్ని చిన్న చేపల మీద కొత్త వేట మొదలుపెట్టకూడదని నియమం చేసింది. ముందు వాటి పాత్ర తెలుసుకోవాలి, తరవాతే వేట సంగతి అన్నది దాని సారం. వేట ఇంకా లేనప్పుడే గీసిన గీత అది. ఎవరి ఉపాధీ పోకుండా గీత గీయగలిగేది అప్పుడే. అరేబియా సముద్రం చుట్టూ ఉన్న దేశాలకూ ఈ దారి తెరిచే ఉంది.

పాత్ర అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పవచ్చు. రాత్రి పైన తిన్న తిండిలోని కార్బన్‌ను చేప పగటికి లోతులోకి మోసుకుపోతుంది. అక్కడ ఊపిరిగా కొంత, మలంగా కొంత వదులుతుంది. 300 మీటర్ల కింద వదిలిన కార్బన్ అంత తొందరగా గాలిలోకి తిరిగి రాదు. ఒక చేప మోసేది చిటికెడు కూడా కాదు, కానీ మోస్తున్నది కోట్ల టన్నుల చేప, రోజూ. ఇక ట్యూనాలు, స్క్విడ్లు, డాల్ఫిన్లు, సముద్ర పక్షులు తినే తిండిలో లాంతరు చేపలది పెద్ద వాటా. వేటగాడి పడవలో పడే ట్యూనా మాంసంలో కొంత ఒకప్పటి లాంతరు చేపే.

వేట మొదలవకపోయినా ఈ చేప ఇల్లు మారిపోతోంది. 2018లో వెలువడిన పరిశోధనలో నీళ్ళలో తమంతట తాము ఈదే గ్లైడర్ రోబోలను ఒమన్ గల్ఫ్‌లోకి దింపి చూశారు. అర్ధ శతాబ్దం కిందటి కొలతలతో పోలిస్తే అక్కడి ఆక్సిజన్ బాగా పడిపోయిందని తేలింది. గాలి లేకుండా బతకడం తెలిసిన చేపకు ఇందులో నష్టమేమిటి అనిపించవచ్చు. నష్టం ఉంది. ఇథనాల్ దారి పగటి నిద్రకు చాలుతుంది, రాత్రి వేటకు చాలదు. పైకి ఎక్కడానికి, తినడానికి, గుడ్లు పెట్టడానికి ఆక్సిజన్ ఉన్న నీళ్ళు కావాలి. లార్వాలు పెరిగేది కూడా పై నీళ్ళలోనే. గాలి లేని పొర పైకి పాకుతూ వస్తే, అటు పాదరసంలా మెరిసే ఉపరితలానికీ ఇటు ఊపిరాడని పొరకూ మధ్య మిగిలే మేత బయలు ఇరుకవుతుంది. అక్కడే చేపా, దాన్ని తినేవీ అన్నీ ఒకచోట కుక్కుకోవాలి.

ఈ చేప వయసు తెలుసుకోవడానికి తలలోంచి చెవిరాయి తీస్తారు. ఆవగింజంత ఉండే తెల్లటి సున్నపు రాయి. గాజు పలక మీద అతికించి, సన్నగా అరగదీసి, మైక్రోస్కోపు కింద పెడితే మధ్యలో ఒక చుక్క, దాని చుట్టూ వలయాలు కనిపిస్తాయి. చెట్టు మానులో ఏడాదికో వలయం పడినట్టు ఇక్కడ రోజుకొకటి పడుతుంది. ఒక్కో వలయం వెనక ఒక సాయంత్రపు ఎక్కుడు, ఒక తెల్లవారుజాము దిగుడు ఉన్నాయి. పరిశోధకులు వాటిని ఒక్కొక్కటే లెక్కపెడతారు. 365 దాకా లెక్క సాగే రాయి ఈ జాతిలో దాదాపు దొరకదు.